కన్ను నిర్మలము, చూపు సగము
(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



చూపు తగ్గినంతనే కంటికి పొర వచ్చినదని తలచుట మన గ్రామములలో పరిపాటి. తరచుగా అది నిజమే. కాని కన్ను నిర్మలముగా నుండియు చూపు పోవుట కలదు. ఏలయన, చూచునది కన్ను మాత్రమే కాదు, మెదడు కూడ.

రెండు కన్నుల నరములు మెదడు అడుగున ఒకచోట కలియును. అచ్చట ముక్కువైపు పోగులు ఆవలి ప్రక్కకు దాటును. అందుచేత మనకు ఎడమ ప్రక్కనున్న దృశ్యము కుడి మెదడునకు, కుడి ప్రక్కనున్నది ఎడమ మెదడునకు చేరును. చివరకు తల వెనుక భాగమున చూపు రూపొందును. 1904-05 రష్యా-జపాను యుద్ధమున అచ్చట గుండు దెబ్బ తగిలిన సైనికులను పరీక్షించి, మెదడులో ఏ భాగము చెడిన చూపులో ఏ భాగము పోవునో జపాను నేత్రవైద్యుడు తత్సుజి ఇనౌయే 1909లో వెల్లడించెను.

ఒక కంటి చూపే పోయినచో లోపము ఆ కంటిలోనో, దాని నరములోనో ఉండును. రెండు కన్నులకును బయటి ప్రక్కలు కనబడనిచో నరములు కలియుచోట ఒత్తిడి యుండవచ్చును. పిట్యూటరీ గ్రంథిలోని కంతి దీనికి ముఖ్య కారణము. రెండు కన్నులకును ఎడమ సగమే పోయినచో దెబ్బ కుడి మెదడున నుండును. ఇది తరచుగా పక్షవాతము వలన కలుగును.

ఇట్టి రోగి "నా ఎడమ కన్ను పోయినది" అనును. ఎడమవైపు ద్వారబంధమునకు కొట్టుకొనును. చదువునపుడు పంక్తి మొదటి మాటలు విడుచును. అతని కెదురుగా రెండు మూరల దూరమున కూర్చుండుడు. ఒక కన్ను మూయించి, రెండవ కంటితో మీ ముక్కునే చూడుమని చెప్పి, ఇరుప్రక్కల వ్రేళ్లు కదల్చుడు. పిదప రెండవ కంటికి అట్లే చేయుడు. ఏ కంటితో చూచినను ఒకే ప్రక్క కనబడకున్నచో మెదడును శంకింపవలెను. ఇది వైద్యుని పరీక్షకు బదులు కాదు.

చూపు మెల్లగా తగ్గినను వైద్యునకు చూపుడు. కంతి ఒత్తిడిని తొలగించిన చూపు మెరుగగుట కలదు. హఠాత్తుగా పోయినచో, మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను పరీక్షలతో జాగు చేయక వెంటనే 108కి ఫోను చేయుడు. రక్తపు గడ్డను కరిగించు మందు సాధారణముగా 4½ గంటలలోపల ఇయ్యవలెను. కంట పసరు పోయుచు గడపిన గంట తిరిగి రాదు. రోగి కడపట ఎప్పుడు బాగుండెనో గుర్తుంచుకొని వైద్యునకు తెలుపుడు.