స్టాంపు మీది బొమ్మ, ముద్రలోని ఊరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, “మీ ఒలింపిక్ స్టాంపుల గురించి ఓ పావుగంట చెప్పండి, పిల్లలు కూడా వింటారు” అన్నారు. ఆల్బమ్‌లు మూడూ హాలు వెనక బల్ల మీద పెట్టాను. చేతులు తుడుచుకుని చూడండి, కొబ్బరినూనె వేళ్లతో వద్దు. స్టాంపుల బొమ్మలు మీరు ఎలాగూ చూస్తారు కాబట్టి, వాటి మీద పోస్టాఫీసు వాళ్లు కొట్టే నల్లటి ముద్ర గురించి నేను ఎక్కువ చెప్తాను. చాలామంది ఆ ముద్ర పడితే బొమ్మ పాడైందనుకుంటారు. నాకు ముద్ర లేనిదే సగం స్టాంపు.

ఆధునిక ఒలింపిక్స్ 1896లో ఏథెన్స్‌లో మొదలయ్యాయి. ఆ ఏడాదే గ్రీసు దేశం 12 స్టాంపులు వేసింది. క్రీడల మీద అచ్చయిన మొట్టమొదటి స్టాంపుల్లో అవే ప్రసిద్ధం. సరదాకి వేసినవి కావు. ఖజానాలో డబ్బు లేక ఆటలు జరుగుతాయో లేదోనన్న పరిస్థితిలో, స్టాంపుల అమ్మకం మీద వచ్చిన సొమ్ము కూడా ఏర్పాట్లకి పనికొచ్చింది. అంటే ఒలింపిక్స్‌కీ తపాలాకీ చుట్టరికం తొలిరోజు నుంచీ ఉంది. తర్వాత అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి అధ్యక్షుడైన సమరాంచ్ స్వయంగా స్టాంపుల పిచ్చివాడు. ఒలింపిక్ స్టాంపులకని ప్రత్యేకంగా ప్రదర్శన కూడా 1985లో లొజాన్‌లో పెట్టారు.

ఇంతకీ స్టాంపు ఏం చెప్తుంది? ప్రభుత్వం ఏం చెప్పదలచుకుందో అదే చెప్తుంది. లక్షల్లో అచ్చవుతుంది, అన్నీ ఒకటే. ముద్ర అలా కాదు. ఫలానా ఊళ్లో, ఫలానా తేదీన, ఫలానా మనిషి చేత్తో పడింది. ఒక ఉదాహరణ చెప్తాను. 1948 ఆగస్టు 12న లండన్ వెంబ్లీ స్టేడియంలో మన హాకీ జట్టు బ్రిటన్‌ని 4-0తో ఓడించింది. స్వతంత్ర భారతదేశానికి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. ఏడాది కిందటిదాకా మనల్ని ఏలినవాళ్ల గడ్డ మీద, వాళ్ల మీదే గెలుపు. మన దేశం దానికి ఆ ఏడాది స్టాంపు వేయలేదు. 1948లో మనం వేసినవి ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ స్టాంపు, ఆగస్టు 15న గాంధీగారి స్టాంపులు, అంతే. బ్రిటన్ వేసిన నాలుగు ఒలింపిక్ స్టాంపుల్లో మన ఊసే ఉండదు. కానీ ఆగస్టు 12 తేదీతో లండన్ ముద్ర పడిన ఒలింపిక్ కవరు మీ చేతికి దొరికిందనుకోండి, దాని మీద ఎవరి బొమ్మ ఉన్నా సరే, ఆ రోజు మనది. అలాంటి కవరు కోసం నేను పదిహేనేళ్లు వెతికాను. ఆగస్టు 9ది ఒకటి, 13ది ఒకటి దొరికాయి. 12ది ఇంకా రాలేదు.

మన స్వతంత్ర దేశంలో ఆటల మీద స్టాంపులు 1951 మార్చి 4న మొదలయ్యాయి. ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలప్పుడు రెండణాలది ఒకటి, పన్నెండణాలది ఒకటి వేశారు. అవి రెండూ మొదటి ఆల్బమ్ మొదటి పేజీలో ఉన్నాయి. ధ్యాన్‌చంద్ గారి స్టాంపు 1980 డిసెంబరు 3న వచ్చింది, ఆయన పోయిన సరిగ్గా ఏడాదికి. బతికున్నవాళ్ల మీద స్టాంపు వేయడం మన దగ్గర అరుదు. సచిన్ తెందూల్కర్‌కి 2013లో చివరి టెస్టు ఆడుతుండగానే వేయడం అందుకే అంత వార్త అయింది. మన సి.కె. నాయుడు గారికి 1996లో వచ్చింది, అప్పటికి ఆయన లేరు.

ఇక మన సీమకి వస్తాను. నా దగ్గర అన్నిటికంటే ఎక్కువసార్లు తీసి చూసుకునే కవరు 1972 సెప్టెంబరుది. దాని మీద మ్యూనిక్ ఒలింపిక్స్ స్టాంపు, 20 పైసలది. పక్కనే ఇంకో 5 పైసల చిన్న స్టాంపు. ఆ రెండోది ఏమిటని పిల్లలు అడుగుతారు. బంగ్లాదేశ్ యుద్ధం నాడు లక్షలమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు కదా, వాళ్ల సహాయం కోసం 1971 నవంబరు నుంచి 1973 మార్చి దాకా కవరు మీద అదనంగా 5 పైసల పన్ను స్టాంపు అంటించాలన్నారు. కవరుకి 20, శరణార్థులకి 5. పిన్ కోడ్ అదే 1972లో ఆగస్టు 15న మొదలైంది. అందుకే ఈ కవరు మీద చిరునామాలో పిన్ లేదు. “వయా అమలాపురం, తూర్పు గోదావరి జిల్లా” అని రాసి ఊరుకున్నారు. ఇక తేదీ. ఆ సెప్టెంబరులోనే మ్యూనిక్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులని చంపారు, ఆ నెల్లోనే మన హాకీ జట్టు కాంస్యంతో సరిపెట్టుకుంది. ఇన్ని సంగతులు ఒక పెళ్లి కబురు రాసిన కవరు మీద ఉన్నాయి. స్టాంపు మాత్రం కత్తిరించి నీళ్లలో నానబెట్టి ఉంటే ఏం మిగిలేది? రంగు కాగితం ముక్క.

మా రోజుల్లో స్టాంపుల పిచ్చి ఉన్న ప్రతి కుర్రాడి దగ్గరా అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ కువైన్ స్టాంపులు ఉండేవి. పెద్దపెద్ద సైజులు, మెరిసే రంగులు, మెక్సికో, మ్యూనిక్ ఒలింపిక్స్ బొమ్మలు. ప్యాకెట్లలో అమ్మేవారు. వాటి మూలన చక్కగా, కొలిచి కొట్టినట్టు ఒక ముద్ర ఉండేది. వెనక్కి తిప్పితే జిగురు చెక్కుచెదరకుండా ఉండేది! అంటే అది ఏ ఉత్తరం మీదా అంటలేదు, ఏ డబ్బాలోనూ పడలేదు. ఆ చిన్న ఎమిరేట్ల పేరు మీద విదేశీ వ్యాపారులు ఒప్పందాలు చేసుకుని, మనలాంటి పిల్లల కోసమే అచ్చేసి, అచ్చు దగ్గరే ముద్ర కొట్టి అమ్మినవి. యు.ఏ.ఈ. ఏర్పడ్డాక ఆ వ్యవహారం ముగిసింది. కలెక్టర్లు వాటిని ఇసుక దిబ్బల స్టాంపులని ఎగతాళి చేస్తారు. నేను పారేయలేదు, మూడో ఆల్బమ్‌లో చివర ఉంచాను. దొంగ ముద్ర ఎలా ఉంటుందో చూపించడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

విచిత్రం చూడండి. అదే గల్ఫ్ నుంచి మన సీమకి నిజం ఉత్తరాలు రావడం కూడా ఆ తర్వాతి ఏళ్లలోనే పెరిగింది. రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు నుంచి కువైట్, దోహా, మస్కట్ వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు చెప్పనక్కర్లేదు, ఈ హాల్లోనే సగం ఇళ్లున్నాయి. వాళ్ల ఉత్తరాల మీద ఒలింపిక్స్ బొమ్మలు ఉండేవి కావు. అమీరు గారి బొమ్మతో మామూలు స్టాంపు. కానీ ముందు కువైట్ ముద్ర, వెనక మన ఊరి ముద్ర. ఆ రెండు తేదీల మధ్య పదిరోజులో పదిహేను రోజులో ఇంట్లో అమ్మ ఎదురుచూసిన కాలం. ఆ మధ్యలో ఒక కవరు మీద నాకు ఒలింపిక్ స్టాంపు కనబడింది. లాస్ ఏంజెలెస్ ఏడాది, 1984. పంపినామె అక్కడ ఒక ఇంట్లో వంట చేసేది. పోస్టాఫీసులో ఏది ఇస్తే అది అంటించింది. రాజోలు ముద్ర వెనక స్పష్టంగా పడింది. మనం రాజోలు అంటాం, ముద్రలో ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఇప్పటికీ రజోల్ అనే చదివిస్తాయి, దొరలు రాసిపెట్టినట్టే. ప్రపంచంలో ఎవరి దగ్గర లేని ఒలింపిక్ కవరు అది. వేలంలో దానికి వంద రూపాయలు కూడా రావు. నేను మాత్రం ఎవరికీ ఇవ్వను.

ఈ సేకరణకి మన సీమ గాలి పెద్ద శత్రువు. వర్షాకాలంలో జిగురు దానంతటదే కరిగి స్టాంపు పేజీకి అతుక్కుంటుంది, కాగితం మీద తుప్పు రంగు చుక్కలు లేస్తాయి. 1996 నవంబరు 6 తుపాను నాటి రాత్రి గురించి ఇక్కడ ఎవరికీ వర్ణించక్కర్లేదు. చెట్లూ మనుషులూ పోయిన చోట స్టాంపుల గురించి బాధపడ్డానని చెప్పడం సిగ్గుగా ఉంటుంది. ఆ ఏడాది అట్లాంటా స్టాంపుల పేజీ మీద నీటి మరక అలాగే ఉంది, చూడండి. జాగ్రత్తలు అడిగినవాళ్లకి ఒకటే చెప్తాను: బీరువా అడుగు అరలో పెట్టొద్దు, ఆల్బమ్‌ని పడుకోబెట్టకుండా నిలబెట్టండి, నెలకోసారి తెరిచి గాలి తగలనివ్వండి.

ఇప్పుడు సాత్విక్ సాయిరాజ్ సంగతి. మన అమలాపురం కుర్రాడు, వ్యాయామోపాధ్యాయుడి కొడుకు. చిరాగ్ శెట్టితో కలిసి 2022లో కామన్వెల్త్ స్వర్ణం, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం, అదే ఏడాది డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు. టోక్యోలో గ్రూపులో మూడింట రెండు గెలిచి కూడా ముందుకు పోలేకపోయారు. పారిస్‌లో క్వార్టర్ ఫైనల్ 2024 ఆగస్టు 1న. ఆ రోజు పొద్దున్నే నేను అమలాపురం పోస్టాఫీసుకి వెళ్లాను. 2012లో లండన్ ఒలింపిక్స్‌కి మన తపాలా శాఖ వేసిన స్టాంపుల్లో బ్యాడ్మింటన్‌ది ఒకటుంది, దాచుకున్నది తీసి ఐదు కవర్ల మీద అంటించాను. పారిస్ పేరిట మన స్టాంపులు ఆ ఆట అయ్యాకే వచ్చాయి. కౌంటర్లో అమ్మాయి, “ఇవి దగ్గరి చిరునామాలే కదండీ, చేత్తో ఇచ్చేయొచ్చుగా?” అంది. సంగతి చెప్పాను. “మన సాత్విక్ ఆటకా!” అని సిరా ప్యాడ్ కొత్తది తీసి, ఐదింటి మీదా ముద్ర గుండ్రంగా, తేదీ చదవగలిగేలా కొట్టి పెట్టింది. అమలాపురం, 533201, 1-8-2024.

ఆట సాయంత్రం. మొదటి గేమ్ 21-13తో గెలిచి, తర్వాత రెండూ పోగొట్టుకున్నారు మలేషియా జంట మీద. ఐదు కవర్లలో ఒకటి నాకే రాసుకున్నాను. రెండో రోజు పోస్ట్‌మాన్ తెచ్చి ఇస్తూ, “ఓడిపోయారు కదండీ, ఇంకెందుకు ఇది” అన్నాడు. నాకు అలా అనిపించలేదు. ఆ ముద్ర పడినప్పుడు ఊరికి ఇంకా ఓటమి తెలియదు. ఆ పొద్దుటి ఆశ అంతా ఆ కవరు మీద ఉంది. పతకం వచ్చి ఉంటే పత్రికల్లో, విగ్రహాల్లో, ఫ్లెక్సీల్లో దాచుకుందుము. రాని రోజుని దాచేది ఇలాంటి కాగితమే.

ఈ సంగతంతా ఇవాళ చెప్పడానికి కారణం ఉంది. మొన్న 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఉత్తరాలు ఎలాగూ లేవు. వచ్చే నాలుగు కవర్ల మీదా ముద్ర సగం పడుతుంది, లేదా పెన్నుతో గీత గీసి పంపుతారు. మన ఇళ్లలో అటక మీది ట్రంకు పెట్టెల్లో ఉన్న పాత ఉత్తరాలు ఏటా సంక్రాంతి దులుపుళ్లలో భోగిమంటలోకి పోతున్నాయి. నిరుడు ఒక ఇంట్లో రెండు బస్తాలు పోయాక నాకు తెలిసింది. వాటిలో ఏమున్నాయో ఇక ఎవరూ చెప్పలేరు.

ఉపాధ్యాయులకి ఒక మాట. తపాలా శాఖ వారి దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం ఉంది. 6 నుంచి 9 తరగతుల పిల్లలకి ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్, స్టాంపుల మీద క్విజ్, ప్రాజెక్టు ఆధారంగా. మార్కులు బాగుండాలి, బడిలో ఫిలాటెలీ క్లబ్ ఉండి పిల్లవాడు సభ్యుడవ్వాలి. క్లబ్ లేకపోతే పిల్లవాడి పేరున పోస్టాఫీసులో 200 రూపాయలతో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉన్నా చాలు. మన బడిలో క్లబ్ పెడితే నా మూడు ఆల్బమ్‌లూ, ఆ 1972 కవరుతో సహా, క్లబ్ బీరువాకి ఇస్తాను. బీరువా మాత్రం కింది గదిలో వద్దు, పై అంతస్తులో పెట్టండి. ప్రధానోపాధ్యాయులు గారు తలూపారు, సభ చూసింది.

మిగతావాళ్లకి: భోగికి ముందు ట్రంకు పెట్టెలు ఒకసారి తెరవండి. స్టాంపులు కత్తిరించకండి, కవరు కవరుగానే తెండి. లోపలి ఉత్తరం మీరే ఉంచుకోండి, అది మీ ఇంటి మాట. పిల్లలకి: లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 2028 జూలై 14న మొదలవుతాయి, ఈసారి క్రికెట్ కూడా ఉంది. ఆ రోజు మధ్యాహ్నం డబ్బా తీసేలోగా మన పోస్టాఫీసు దగ్గర ఉండండి. కవర్లు, స్టాంపులు నేను తెస్తాను.