నలుగురి చేతిమీదుగా: డిజైన్ చదువులో క్లయింట్ పని



ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల, నీలాద్రి రోడ్డు మొదలుకొని హెబ్బగోడి వరకు, అద్దె ఇళ్ళలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలలోకి ఇటీవల కొత్త చదువు ఒకటి ప్రవేశించింది. ఇంజనీరింగ్ కాదు, వైద్యం కాదు. అమ్మాయి డిజైన్ చదువుతోంది. రాత్రి పదింటికి ఇల్లు చేరి, "గ్రూప్ ప్రాజెక్టు ఉంది, ఆలస్యమైంది" అంటుంది. పరీక్ష ఎవరికి వారే రాస్తారు, ఫలితం ఎవరిది వారిదే. మరి నలుగురు కలిసి చేసిన పనికి మా పిల్లకు మార్కు ఎట్లా వేస్తారని తండ్రి అడుగుతాడు. ఆ ప్రశ్నలో అమాయకత్వమేమీ లేదు. ఆ చదువులోని చిక్కంతా అక్కడే ఉంది.

జట్టు పని ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్, ఆర్. కె. బాలిగా సంకల్పంతో, కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాలలో 332 ఎకరాల మీద ఈ పారిశ్రామిక వాడకు పునాది వేసింది. ఇక్కడ తయారయ్యే ఏ వస్తువూ ఒక్కరి చేతిలో పూర్తి కాదు. సర్క్యూటు గీసేవారు ఒకరు, పై పెట్టె రూపం దిద్దేవారు మరొకరు, దాని మీద అక్షరాలు పేర్చేవారు ఇంకొకరు. ఒకరి పని ఇంకొకరి చేతికి మారే చోటనే తప్పులు దొర్లుతాయి. ఆ చేతి మార్పు ఎట్లా జరగాలో తరగతి గదిలోనే అలవాటు చేయాలన్నది క్లయింట్ ప్రాజెక్టుల ఉద్దేశం. అంటే విద్యార్థులు ఊహించుకున్న వస్తువును కాక, బయట నిజంగా ఉన్న ఒక సంస్థ అడిగిన పనిని, ఆ సంస్థ చెప్పిన గడువులో, అది పెట్టగలిగిన ఖర్చులో చేసి ఇవ్వడం.

మన దేశంలో డిజైన్ చదువు పుట్టుక కూడా ఈ మాటనే గుర్తు చేస్తుంది. చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించారు. దాని ఫలితంగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. తాము ఈ దేశంలో చూసిన వస్తువులన్నిటిలో ఆ దంపతులు ఎక్కువగా మెచ్చుకున్నది మన ఇంటి చెంబును. దానిని ఏ ఒక్కరూ రూపొందించలేదని, తరతరాల మనుషులు కలిసి రూపొందించారని వారి భావం. నేడు ఆంధ్రప్రదేశ్‌కు కూడా సొంత జాతీయ డిజైన్ సంస్థ ఉంది. అది 2015లో మొదలైంది. ఇక్కడికి దగ్గరలో హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ ఉన్నది.

క్లయింట్ అంటే డబ్బిచ్చేవారని, వారిని మెప్పిస్తే చాలునని మొదటి ఏడాది విద్యార్థి అనుకుంటాడు. అది నిజం కాదని తెలియడానికి ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాన్ని చూస్తే చాలు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., బెంగుళూరులోని బి.ఇ.ఎల్. దానిని తయారు చేస్తాయి. రూపకల్పనలో బొంబాయి ఐ.ఐ.టి.లోని డిజైన్ కేంద్రం అధ్యాపకులు పాలు పంచుకున్నారు. పని అడిగినది ఎన్నికల సంఘం. మీట నొక్కేది ఓటరు. మధ్యలో, యంత్రాన్ని ఊరూరికీ మోసుకుపోయి బల్ల మీద అమర్చేది పోలింగ్ అధికారి. ముగ్గురి అవసరాలూ వేరు. చదువురాని ఓటరుకు పేరుకన్న గుర్తు ముఖ్యం కనుక, పేరు పక్కన గుర్తు, గుర్తు పక్కన మీట వచ్చాయి. అదుపు అధికారి చేతిలో ఉండాలి, ఓటు మాత్రం మరుగున పడాలి కనుక, యంత్రం రెండు భాగాలై మధ్య తీగ వచ్చింది. 1982లో కేరళలోని పరవూరులో కొన్ని పోలింగ్ కేంద్రాలలో దానిని మొదటిసారి వాడారు. యంత్రం పని చేసింది. కానీ చట్టంలో దానికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఓటింగును చెల్లదన్నది. తరువాత చట్టాన్ని సవరించవలసి వచ్చింది. వస్తువు బాగుండడం ఒకటి, అది చెల్లడం మరొకటి.

బెంగుళూరులోనే విద్యార్థులు నేరుగా చేసిన పని చూడదలచినవారు పీణ్య మెట్రో స్టేషనుకు వెళ్ళవచ్చు. సృష్టి డిజైన్ సంస్థ, మెట్రో సంస్థతో కలిసి "ఆర్ట్ ఇన్ ట్రాన్సిట్" అనే పేరుతో చేపట్టిన ప్రజాకళా కార్యక్రమంలో విద్యార్థులు అక్కడి గోడల మీద పని చేశారు. తరగతి గదిలో కాగితం చింపి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. జనం నడిచే స్టేషనులో అట్లా కుదరదు.

పెద్ద ఉదాహరణలను పక్కన పెట్టి, మన వీధికి దగ్గరగా ఒక సంగతిని ఊహించి చూద్దాం. హోసూరు రోడ్డు మీద ఒక మధ్య తరహా ఆసుపత్రి. "మాకు మంచి దారి సూచికలు కావాలి" అని దాని మేనేజరు ఒక కళాశాలను అడిగాడు. ఐదుగురు విద్యార్థుల జట్టు ఏర్పడింది. బాగా ఇంగ్లీషు మాట్లాడగల అబ్బాయి తనంతట తానే నాయకుడయ్యాడు. మంచి ల్యాప్‌టాప్ ఉన్న అమ్మాయి బొమ్మల పని తీసుకుంది. ధర్మవరం దగ్గర ఊరి నుంచి వచ్చి, బొమ్మసంద్రలో తల్లిదండ్రులతో ఉంటూ, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయికి మిగిలినది ప్రింట్లు తీయించడం, అట్టలు కత్తిరించడం. ఎవరూ కుట్ర చేయలేదు. పని పంచుకునేటప్పుడు ముందు నోరు తెరిచినవారికి ముందు పని దక్కుతుంది, అంతే.

మూడు వారాల తరువాత రంగుల బాణాలతో నమూనా సిద్ధమైంది. మేనేజరు చూసి, "బాగుంది, కానీ జనం మళ్ళీ అడుగుతూనే ఉంటారు" అన్నాడు. ఎందుకో జట్టుకు అర్థం కాలేదు. ఒక్కరికి తప్ప. అట్టలు కత్తిరించే అమ్మాయి, ప్రింటు కోసం ఎదురుచూసే వేళలో, వరండాలో కూర్చున్న గార్మెంట్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళతో తెలుగులో మాట్లాడింది. వాళ్ళు బోర్డు వైపు చూడడమే లేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడుగుతున్నారు. వాళ్ళకు తెలియనిది రక్త పరీక్ష గది ఎక్కడ అన్నది కాదు, ముందు డబ్బు కట్టాలా, ముందు రక్తం ఇవ్వాలా అన్నది. అంటే కావలసినది దారి చెప్పే బోర్డు కాదు, వరుస చెప్పే బోర్డు. దానిని పెట్టవలసిన చోటు వాచ్‌మన్ కుర్చీ పక్కన. ప్రాజెక్టు మొత్తాన్ని మార్చగల ఈ సమాచారం, సమావేశం ఇంగ్లీషులో జరుగుతున్నందువల్ల, ఆ అమ్మాయి నోట్‌బుక్కులోనే ఉండిపోయింది.

జట్టు పని నేర్పడమంటే కలిసిమెలిసి ఉండమని చెప్పడం కాదు. ఆ నోట్‌బుక్కులోని మాట బల్ల మీదికి వచ్చే ఏర్పాటు చేయడం. మన పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, తరగతిలో ఇంగ్లీషు, గేటు దగ్గర హిందీ మాట్లాడతారు. బయోడేటాలో ఒక మూలన రాసుకునే ఈ నైపుణ్యం, క్లయింట్ ప్రాజెక్టులో పరిశోధనకు మొదటి పనిముట్టు.

బోర్డు పనికే తిరిగి వద్దాం. ఆసుపత్రి పేరు పలకలో 60 శాతం కన్నడం ఉండాలని, అది పైభాగాన ఉండాలని 2024లో సవరించిన కన్నడ భాషా చట్టం చెబుతున్నది. ఇది మొదటి రోజే తెలియాలి. చివర తెలిస్తే కొలతలన్నీ మారతాయి. లోపలి సూచికలలో తెలుగు కూడా ఉండాలని జట్టు అనుకుంటే ఇంకొక పేచీ. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు ఇచ్చినంత చోటే ఇస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. అంతకన్న ప్రమాదం ప్రెస్సులో పొంచి ఉంటుంది. పాత అను ఫాంట్లలో కొట్టిన అక్షరాలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో చెత్తగా మారతాయి. యూనికోడు అక్షరాలు, భారతీయ లిపులకు తగిన కంపోజర్ ఎంచుకోని సాఫ్ట్‌వేరులో, ఒత్తు విడిపోయి "రక్ త పరీక్ ష" అని కూర్చుంటాయి. జట్టులో మిగిలిన నలుగురికీ అది అందమైన అక్షరాల వరుసలాగానే కనబడుతుంది. పట్టుకోగలిగినది ఆ ఒక్క అమ్మాయే. అక్షరాలను గీతలుగా మార్చి పంపడం, ఒక కాగితం ముందుగా తీయించి తెలుగు వచ్చినవారిచేత పైకి చదివించడం: ఈ రెండూ చేయకుండా వంద ప్రతులకు ఆర్డరు ఇవ్వరాదు.

ఇక మార్కుల సంగతి. విద్యార్థులు ఒకరికొకరు మార్కులు వేసుకునే పద్ధతి ఒకటి ఉన్నది. అది స్నేహాల లెక్కగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. దానికంటే ఎవరు ఏ పనిని ఏ తేదీకి ఒప్పుకున్నారో రాసుకునే పుస్తకం నయం; పనిలో వెనుకబడినవాడిని గుర్తించడానికే కాక, మాట్లాడకుండా ఎక్కువ పని చేసినదానిని గుర్తించడానికీ అది పనికివస్తుంది. అన్నిటికన్న మేలైనది, వారానికొకరు చొప్పున అందరూ వంతులవారీగా క్లయింట్‌తో మాట్లాడడం. మొదటిసారి తడబడతారు. క్లయింట్‌కు కొంచెం విసుగు కూడా కలుగుతుంది. చదువుకునే చోట ఆ పాటి విసుగును భరించవలసిందే.

క్లయింట్ వైపు నుంచీ ఒక జాగ్రత్త అవసరం. విద్యార్థులంటే ఉచితంగా పనిచేసేవారని అనుకునే సంస్థలు లేకపోలేదు. ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చు, ముద్రణ ఖర్చు ఎవరిది, పని మీద ఎవరి పేర్లు ఉంటాయి, దానిని విద్యార్థులు తమ పోర్ట్‌ఫోలియోలో చూపవచ్చునా అన్నవి మొదటి వారంలోనే మెయిల్ రూపంలో ఉండాలి. లేకుంటే స్టిక్కర్ల ఖర్చు పిల్లల జేబు మీద, అంటే నెల జీతం మీద బతికే ఇంటి మీద పడుతుంది. పోర్ట్‌ఫోలియోలో సైతం "ఆసుపత్రి సూచికలు, జట్టు పని" అని రాస్తే చాలదు. "రోగులతో మాటలు, తెలుగు పాఠం, ప్రూఫు" అని తన వంతు విడిగా రాసుకోవాలి. ఉద్యోగమిచ్చేవారు మొదట అడిగేది అదే.

ఇంటికి ఆలస్యంగా వచ్చిన అమ్మాయిని తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్న ఒకటుంది: ఈ వారం క్లయింట్‌తో ఎవరు మాట్లాడారు? నాలుగు వారాలు వరసగా ఒకే పేరు వినబడితే, అధ్యాపకులను కలిసి ఆ మాట చెప్పడంలో తప్పు లేదు.

ఆ ఊహించిన ఆసుపత్రిలో పని ఇంకా ముగియలేదు. బోర్డు బిగించిన పదిహేను రోజులకు జట్టు మళ్ళీ వెళ్ళాలి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా వాచ్‌మన్ పక్కన నిలబడి, ఎంతమంది అతన్ని దారి అడిగారో, ఎంతమంది వరుస అడిగారో లెక్క రాసుకోవాలి. బోర్డు పెట్టకముందు రాసిన లెక్క పుస్తకంలో ఉంటుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మేనేజరుకు చూపాలి. అంకె తగ్గకపోతే మరలు విప్పి బోర్డు కిందికి దింపాలి.