ఇల్లాలి సర్వీసు రిజిస్టరు

(ఇబ్రహీంపట్నంలో జరిగిన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించీ మాట్లాడే అనుభవజ్ఞులు ఈ సభలో చాలామంది ఉన్నారు. నాకు అప్పగించిన విషయం వేరు. భార్యాభర్తలు కలిసి ఇంట్లోనే వంటల వీడియోలు, చేతిపనుల వీడియోలు తీయడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వినగానే కొందరికి నవ్వు రావచ్చు. ఈ వయసులో ఇదేం సరదా అనిపించవచ్చు. సరదా ఉన్న మాట నిజమే గాని, దాని వెనుక మరో మాట ఉంది. అది మనవి చేసుకుంటాను.

మనలో ప్రతి ఒక్కరికీ ఒక సర్వీసు రిజిస్టరు ఉండేది. చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, బదిలీలు, వాడుకున్న సెలవులు, రిటైరైన తేదీ అన్నీ అందులో ఎక్కేవి. దాని ఆధారంగానే ఈనాడు పెన్షన్ తీసుకుంటున్నాం. మనం వేళకు ఆఫీసు చేరాలని తెల్లవారకముందే లేచి టిఫిన్ డబ్బా కట్టిన మనిషికి ఏ రిజిస్టరూ లేదు, రిటైర్మెంటూ లేదు. మనం ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక ఆమెకు మధ్యాహ్నం టీ పని ఒకటి పెరిగింది. మన సంఘంలో ఉద్యోగం చేసి రిటైరైన సోదరీమణులు కూడా ఉన్నారు. వారైతే రెండు సర్వీసులు చేసి, ఒక్కదానికే పెన్షన్ తీసుకుంటున్నారు.

ముప్ఫై, నలభై ఏళ్ళలో ఆ చేతులు నేర్చిన విద్య ఎక్కడా రాసి లేదు. నేర్పే మనిషి ఇక్కడ, నేర్చుకోవలసిన పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో. అందుకే సంక్రాంతి సకినాలు కొట్టు నుంచి తెచ్చుకునే ఇళ్ళు ఎక్కువవుతున్నాయి. ఎవరినీ తప్పు పట్టలేం.

పుస్తకాలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. మాలతీ చందూర్ గారి ‘వంటలు - పిండివంటలు’ ఎన్నిసార్లు అచ్చయిందో ఈ సభలోని ఆడవాళ్ళకు తెలుసు. ఆమె భర్త ఎన్.ఆర్. చందూర్ గారు కూడా రచయిత, సంపాదకులు. ఇద్దరూ మద్రాసులో ఉండి జీవితమంతా అక్షరాలతోనే గడిపారు. అటువంటి పుస్తకం కొలతలు చెబుతుంది. చేతి వాటం చెప్పడం ఏ పుస్తకానికైనా కష్టమే. సకినాలనే తీసుకోండి. నానబెట్టిన కొత్త బియ్యం పిండి, నువ్వులు, వాము, ఉప్పు - ఇంతవరకు రాయవచ్చు. తడి పిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్టు చుట్టుగా తెగకుండా వేయడం ఎట్లా రాస్తారు? అది కళ్ళతో చూడాలి.

చూపించే సాధనం ఇప్పుడు మన జేబులోనే ఉంది. యూట్యూబ్ 2005లో మొదలైంది. ‘కంట్రీ ఫుడ్స్’ అనే చానల్‌లో మస్తానమ్మ గారు నూరేళ్ళ వయసులో కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండితే ప్రపంచమంతా చూసింది. ఆమె 2018లో కన్నుమూశారు. ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణరెడ్డి గారు ఆరుబయట పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టేవారు. ఆయన 2019లో పోయారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ గారు ‘మై విలేజ్ షో’తో ఇంటింటికీ తెలిసిన మనిషయ్యారు. ఈ ముగ్గురి విషయంలోనూ ఒకటి గమనించండి. ఎదుట పెద్దవాళ్ళు కనిపిస్తారు, కెమెరా వెనుక చిన్నవాళ్ళు ఉంటారు. మస్తానమ్మ గారికి మునిమనవడు దొరికాడు. పిల్లలు దూరాన ఉన్న మన ఇళ్ళల్లో కెమెరా పట్టేది ఎవరు? మనమే. ఫోన్‌లో ముఖం చూపించి జీవన ప్రమాణ పత్రం పంపగలిగినవారికి ఇది రాని విద్య కాదు.

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మన జిల్లాలోనే వెలిసింది. అంత హంగు మనకు అక్కరలేదు. ఒక ఫోను, దాన్ని నిలబెట్టే చిన్న స్టాండు చాలు. మరుగుతున్న నూనె దగ్గర ఫోను చేత్తో పట్టుకుని వంగవద్దు. కిటికీ వెలుతురు వంట చేసే మనిషి ముఖం మీద, చేతుల మీద పడేటట్టు చూసుకోండి. కిటికీ ఆమె వెనుక ఉంటే మనిషి నల్లగా పడుతుంది. ఫోను అడ్డంగా పెట్టండి. మాట్లాడేటప్పుడు ఫ్యాను ఆపండి. మిక్సీ పని ముందే ముగించుకోండి. ఒకసారికి ఒక్క వంటే తీయండి.

కొలతల దగ్గర అసలు పేచీ వస్తుంది. ఉప్పు ఎంత అని అడిగితే మా శ్రీమతి ‘చేతికి తెలుస్తుంది’ అంటుంది. మేము చేసే పని ఇది: ఆమె గుప్పెట్లోకి తీసిన పిండిని, చిటికెలోకి తీసిన ఉప్పును పాత్రలో వేసేముందు గ్లాసుతోనో చెంచాతోనో కొలుస్తాం. ఆ సంఖ్య వీడియోలో చెబుతాం, నోటుబుక్కులోనూ రాస్తాం. సర్వపిండికి గిన్నెలో పిండి ఎంత మందంగా ఒత్తాలి, వేలితో ఎన్ని చిల్లులు పెట్టాలి అన్నవి దగ్గర నుంచి తీస్తాం.

భర్తలకు ఒక మనవి. ఈ ఆఫీసులో ఆమె ఆఫీసరు, మనం అటెండరు. ఆమె చెబుతుంటే మధ్యలో అందుకోవద్దు. గిన్నెలు అందించడం, ఆఖరున తోమడం కూడా మన డ్యూటీలోనివే.

వంటతోనే ఆగవద్దు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంత కుట్టడం, గునుగు, తంగేడు, బంతి వరుసలతో బతుకమ్మ పేర్చడం, పండుగ ముగ్గులు - ఇవీ చేతి విద్యలే. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది గాని, వరుస కదలకుండా పేర్చే చేతులు ఇంటింటా ఉంటేనే పండుగ నిలుస్తుంది. మగవారిలో తాళ్ళు పేనడం, మంచాలు అల్లడం వచ్చినవారు ఉన్నారు. అప్పుడు ఫోను ఆమె పట్టుకుంటుంది.

డబ్బు వస్తుందా అని అడుగుతారు. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితో పాటు గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలని యూట్యూబ్ 2018లో నియమం పెట్టింది. చిన్న వీడియోలకు లెక్క వేరు. కాబట్టి పెన్షన్‌కు తోడు ఇంకో పెన్షన్ అని ఆశపడి దిగవద్దు. వస్తే మాత్రం ఆమె పేరు మీది ఖాతాలోనే పడనివ్వండి. సబ్‌స్క్రైబర్లను పెంచుతాం, ఇంత పంపండి అని ఫోన్లు వస్తాయి. పైసా పంపవద్దు, ఓ.టి.పి. చెప్పవద్దు. మోసం జరిగితే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

మరొక ముఖ్యమైన మాట. ఆమెకు ఇష్టం లేకపోతే వీడియో లోకానికి చూపవద్దు. ‘అన్‌లిస్టెడ్’ అని పెడితే లింకు ఉన్నవారే చూడగలరు. కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, మనవలు చూస్తే చాలు. చూసేవారు పదిమందే అయినా పని నెరవేరినట్టే.

మిత్రులారా, మన తరువాత ఆమెకు కుటుంబ పెన్షన్ వస్తుందని మనం ధైర్యంగా ఉన్నాం. ఆమే ముందు వెళ్ళిపోతే మన చేతికి ఏం మిగులుతుందో ఎవరం ఆలోచించం. గోడ మీది ఫోటో మాట్లాడదు. పిండి కలుపుతూ, మనల్ని నాలుగు మాటలని, నవ్వుతూ ‘ఇంకొంచెం నీళ్ళు పొయ్యి’ అనే గొంతు ఆ వీడియోలో ఉంటుంది. అదే ఆమె సర్వీసు రిజిస్టరు. అందులో మొదటి పేజీ ఈ ఆదివారమే రాయండి.