సంపన్నుల ఊళ్ల ఆదాయపు వరుసలు: వాని నిజానిజములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)

 

గ్రంథాలయమునకు వచ్చువారిలో పలువురు మొదట చేతబట్టునది వార్తాపత్రిక. అందు ఏడాదికొకమారైనను "లోకమున మిక్కిలి ధనికమైన ఊరు" అనియో, "మొదటి పది సంపన్న పట్టణములు" అనియో ఒక శీర్షిక కానవచ్చుచుండును. జనులు దానిని వింతగా చదివి, అరుగుమీద నలుగురికి చెప్పి మరచిపోవుదురు. పరుగుపందెములో ముందు చేరినవాడెవడో కన్నులకు కనబడును. ఊళ్లకు ఊళ్లనే ఆదాయములో పందెము పెట్టినప్పుడు గెలిచినదేదో ఎవరు చూచిరి? ఏ మానికతో కొలిచిరి? ఈ ప్రశ్న వేసి పట్టికను పట్టి చూచినచో చిత్రమైన సంగతులు బయటపడును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణమున, ఆథర్టన్ అను చిన్న పట్టణము కలదు. జనసంఖ్య సుమారు 7 వేలు. ఇండ్లు రెండువేల పైచిలుకు. బ్లూమ్‌బెర్గ్ అను వార్తాసంస్థ ప్రకటించిన ధనిక పట్టణముల పట్టికలలో వరుసగా కొన్ని సంవత్సరములు ఈ ఊరే ప్రథమ స్థానము నలంకరించినది. 2019 పట్టికలో అచటి కుటుంబముల సగటు వార్షికాదాయము 4 లక్షల 50 వేల డాలర్లకు పైబడియుండెను. 2020 పట్టికలో అది 5 లక్షల 25 వేలు దాటినది. రెండవ స్థానము న్యూయార్కు చెంతనున్న స్కార్స్‌డేల్‌ది.

మొదట "సగటు" అను మాటను చూడవలెను. పదియిండ్ల పల్లె యొకటి యున్నదనుకొందురుగాక. తొమ్మిదిండ్లకు ఏడాదికి లక్ష రూపాయల చొప్పున రాబడి. పదవ యింటికి 91 లక్షలు. మొత్తము కోటి, పదింట భాగించిన సగటు 10 లక్షలు. ఆ పల్లెలో 10 లక్షలు వచ్చు ఇల్లు ఒక్కటియును లేదు! ఇందువలన గణకులు మరియొక కొలత నేర్పరచిరి. ఇండ్లన్నిటిని రాబడి ననుసరించి వరుసగా నిలిపి, నడుమనున్న ఇంటి రాబడిని చెప్పుదురు. దీనికి మధ్యగతమని పేరు. పై పల్లెకు మధ్యగతము లక్ష రూపాయలే. సామాన్యుని స్థితి తెలుపుటకు ఇదియే మేలైన కొలత.

మరి ఆథర్టన్‌కు మధ్యగతమునే వాడరాదా? అచట నొక చిక్కు కలదు. అమెరికా జనాభా లెక్కల శాఖ తన పట్టికలలో మధ్యగతాదాయము 2 లక్షల 50 వేల డాలర్లు మించినచో అంకె చెప్పక, "2,50,000కు పైన" అని మాత్రమే వ్రాయును. ఆథర్టన్‌కు అదే మాట. స్కార్స్‌డేల్‌కు అదే మాట. అట్టి ఊళ్లు మరికొన్నిటికిని అదే మాట. కుంచము నిండి పొరలినపిదప ఎంత పొరలినదో కుంచము చెప్పగలదా? అందుచేత పట్టిక కూర్చువారు, మేలైన కొలత దొరకనందున, ధనికులున్న చోటనే మిక్కిలి మోసగించు సగటును ఆశ్రయింపవలసి వచ్చుచున్నది.

ఈ అంకెలు ఎక్కడివన్న విషయము మరింత ముఖ్యము. 2000 సంవత్సరము వరకు అమెరికాలో పదేండ్లకొకసారి జరుగు జనగణనతోపాటు, కొన్ని ఇండ్లకు మాత్రము పెద్ద ప్రశ్నపత్రమిచ్చి ఆదాయమును విచారించెడివారు. 2005 నుండి దానికి బదులుగా ఏటేట మాదిరి విచారణ జరుగుచున్నది. ఏడాదికి దాదాపు 35 లక్షల చిరునామాలకు ప్రశ్నపత్రములు పోవును. 65 వేల జనసంఖ్యకు తక్కువైన ఊరికి ఒక్క ఏటి జవాబులు చాలవు గనుక అయిదేండ్లవి కలిపి లెక్క కట్టుదురు. రెండువేల ఇండ్ల ఊరిలో అయిదేండ్లకును చేరు జవాబులు కొన్ని వందలే. ఆ శాఖవారు నిజాయతీపరులు. ప్రతి అంకె ప్రక్కను "ఇంత ఎక్కువగానో, ఇంత తక్కువగానో ఉండవచ్చును" అని పొరపాటు హద్దును ముద్రింతురు. పత్రికకెక్కునప్పటికి ఆ హద్దు జారిపోవును. వరుస సంఖ్య మాత్రము మిగులును.

ఆథర్టన్ సగటు ఒక్క ఏటిలో 75 వేల డాలర్లు పెరిగినదన్న సంగతిని ఇప్పుడు మరల చూడవలెను. 2019 పట్టికకు ఆధారము 2013 మొదలు 2017 వరకు గల అయిదేండ్ల జవాబులు. 2020 పట్టికకు 2014 మొదలు 2018 వరకు గలవి. నడుమ నాలుగేండ్లు రెంటికిని సమానమే. అనగా 2013 పోయి 2018 చేరినంతమాత్రమున అయిదేండ్ల సగటు 75 వేలు పెరిగినది. ధరల మార్పును ప్రక్కన పెట్టి చూచినను, తీసివేసిన ఏటికిని చేర్చిన ఏటికిని ఇంటింటికి సుమారు 3 లక్షల 75 వేల డాలర్ల భేద ముండవలెను. ఊరి భాగ్యము అంతగా పెరిగినదా, లేక ఆ యేడు మాదిరిలో కోటీశ్వరు లిద్దరు ముగ్గురు తగిలిరా? పట్టికనుబట్టి తేల్చుట ఎవరి తరమును గాదు. ఆథర్టన్ ధనికుల ఊరనుట నిస్సంశయము. మూడవ ఊరు ఏడవ ఊరికంటె గొప్పదనుట మాత్రము నమ్మదగిన మాట గాదు.

ఇక "ఆదాయము" అనగానేమి? పైన చెప్పిన విచారణలో జీతము, వ్యాపారలాభము, వడ్డీ, అద్దె, పింఛను మొదలైనవి చేరును. వాటాలు, ఆస్తులు అమ్మగా వచ్చిన లాభము చేరదు. కడు ధనికులకు రాబడిలో పెద్దపాలు అదియే! పన్నుల శాఖవారి లెక్కలో అది చేరును. వారు టపా మండలములను బట్టి, అనగా జిప్ కోడులను బట్టి, లెక్కలు ప్రకటింతురు. ఆ లెక్కన 2015లో ప్రథమస్థానము ఆథర్టన్‌ది గాదు. ఫ్లోరిడాలో మయామీ నగరము దాపున పడవపై మాత్రమే చేరదగిన ఫిషర్ ఐలెండు అను చిన్న దీవిది. అచట సగటు 20 లక్షల డాలర్లు మించినది. అయితే అందు లెక్కించినవి పన్నుపత్రములే గాని కుటుంబములు గావు. టపా మండలమునకు ఊరి పొలిమేరతో పనిలేదు. వాటాలమ్మిన యేడు పొంగి, అమ్మని యేడు కుంగునది అట్టి రాబడి. మరికొన్ని పట్టికలు ఇండ్ల ధరలను చూపి "ధనిక ప్రాంతము" లనును. అది వేరు సంగతి.

పొలిమేర మాట వచ్చినది గనుక దానిని దాటిపోరాదు. ఆథర్టన్‌లో చిరకాలముగా ఇంటి స్థలము ఎకరమునకు తగ్గరాదను నియమ ముండెను. అచట తోటలు దున్నువారును, బిడ్డలను సాకువారును, బడిపంతుళ్లును ఆ ఊర స్థలము కొనలేరు. వారు పనిచేయునది ఆథర్టన్‌లో. లెక్కకు వచ్చునది ఇరుగుపొరుగు ఊళ్లలో. పేదవాడు పొలిమేర వెలుపల నుండుటచేత లోపలి సగటు నిర్మలముగా కనబడును. ఇట్టి ప్రథమస్థానములో సంపద ఎంత యున్నదో, గీసిన గీత కూడ అంత యున్నది.

ఈ దేశమున ఊరూరి ఆదాయము లెక్కించు వాడుక లేదు. అయినను గుజరాతులో కచ్ జిల్లాయందలి మాధాపర్ గ్రామము ఆసియాలోకెల్ల ధనిక గ్రామమని పత్రికలు పలుమార్లు వ్రాసినవి. 1971 యుద్ధకాలమున భుజ్ విమానాశ్రయపు దారిని మూడుదినములలో బాగుచేసిన స్త్రీలలో పెక్కుమంది ఆ ఊరివారే. ఆ కీర్తి ముమ్మాటికి సత్యము. ధనిక గ్రామమనుటకు చూపు ఆధారము మాత్రము బ్యాంకులలోని డిపాజిట్లు. విదేశములందున్న బిడ్డలు దాచిన సొమ్ది అది. ఆస్తి యనవచ్చును గాని ఏటి ఆదాయమనరాదు. పైగా ఆసియాలోని గ్రామములన్నిటి డిపాజిట్లను వరుసపెట్టిన పట్టిక లేనిదే మొదటి స్థాన మెట్లు తేలును?

తెలుగునాట జిల్లాల వరుస మాత్రము కలదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిదప, తెలంగాణ ప్రభుత్వపు ఆర్థిక నివేదికలలో తలసరి ఆదాయమున రంగారెడ్డి జిల్లా ప్రథమస్థానమున నిలుచుచు వచ్చినది. ఈ లెక్క సంపద పుట్టిన చోటును బట్టి కట్టునది. అనుభవించువాని ఇంటిని బట్టి గాదు. శేరిలింగంపల్లి మండలమున గచ్చిబౌలి కంపెనీలలో పుట్టిన విలువ జిల్లా ఖాతాలో పడును. అచట పనిచేయువారిలో ఎందరో ఇతర జిల్లాలలో కాపురముండువారు. ఆ మొత్తమును జిల్లా ప్రజలందరికి పంచి చూపగా, మాడ్గుల, తలకొండపల్లి మండలముల మెట్టరైతు కూడ కాగితముమీద రాష్ట్రమున మొదటి భాగ్యవంతుల జిల్లావాడై కూర్చుండును. ఏ సాయము కోరి వచ్చినను అతనికి ఎదురుగా నిలుచునది ఆ అంకెయే.

ఇంటింటి ఆదాయమును నేరుగా అడిగి తెలిసికొనరాదా యందురేమో. జాతీయ మాదిరి సర్వేవారు 1950, 1960 దశకములలో ఆ ప్రయత్నము చేసిరి. జనులు చెప్పిన ఆదాయము, వారి ఖర్చును పొదుపును కలిపినదానికంటె తక్కువగా తేలినందున ఆ పని సాగలేదు. మరల 2026లో దేశమంతట గృహాదాయ సర్వే జరుపుదుమని కేంద్ర గణాంక శాఖ ప్రకటించి, 2025లో కొన్నియిండ్లలో ప్రశ్నలను పరీక్షించి చూచినది. ఆదాయపు సంగతి చెప్పుటకు సంకోచింపదగినదని నూటికి 95 మంది అనిరి. కట్టిన పన్ను ఎంతయను ప్రశ్నకు ఎక్కువమంది జవాబే చెప్పలేదు.