కొండవాలు తోటకు చిన్న ట్రాక్టరు

పట్నంలో కాపురమున్నా, ఊళ్లో కొండవాలున మామిడో జీడిమామిడో ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో! తోటకు చిన్న ట్రాక్టరు కొంటామని ఇంట్లో అంటే, "మనకెందుకులే" అనుకోకండి. దాన్ని నడిపేది మనవాళ్లే కదండీ!

హార్స్ పవర్ సంగతికి ముందు, బండి బోల్తాపడితే మనిషికి రక్షణేమిటో అడగండి. సీటు వెనుక గట్టి ఇనుప చట్రమూ, సీటుబెల్టూ రెండూ ఉండాలి. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఈ చట్రాన్ని తప్పనిసరి చేసింది. దానితో అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గాయి. కొమ్మలు తగులుతాయని చట్రం ఊడదీయించకండి. మడిచే రకం తీసుకుని, చెట్లు దాటగానే మళ్లీ నిలబెట్టమనండి.

నాలుగు చక్రాలూ లాగే బండికి వాలులో పట్టు ఎక్కువ. చక్రాలు ఎడంగా ఉంటే త్వరగా ఒరగదు; కానీ చెట్ల వరుసల మధ్య పట్టాలి. అందుకే ముందు ఆ సందు కొలిపించండి.

ధర బేరం ఆ తర్వాత ఆడుకోవచ్చు. సెలవు.