ఇరవై నిమిషాల పరీక్ష
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెబుతాము. యూనివర్సిటీ ఉద్యోగాల సంగతి మీకెందుకు అని మీరు అడగవచ్చును. మా బడిలో పదో తరగతి చదివిన ఒక కుర్రవాడి వల్ల ఆ సంగతి మాకు తెలిసివచ్చింది.

అతడు కెమిస్ట్రీలో పిహెచ్.డి. చేశాడు. తండ్రిది టైలరు పని. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. సెలక్షన్ కమిటీ ముందు ఇరవై నిమిషాలు తన పరిశోధన గురించి మాట్లాడాలి, ఆ తర్వాత ప్రశ్నలు. అంతకు ముందు ఒకచోటికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "ఉర్దూ మీడియం అనగానే వాళ్ళ ముఖాలు మారిపోయాయి సార్. ఈసారీ రాకపోతే గల్ఫ్‌కు పోతాను" అన్నాడు.

"ముందు మాకు చెప్పి చూపించు" అన్నాము. తెచ్చినవి నలభై స్లైడులు. పదమూడో దాని దగ్గరే టైము అయిపోయింది. అప్పటికి అసలు సమస్య ఏమిటో చెప్పనే లేదు. ముఖాలు ఎందుకు మారాయో మాకు తెలియదు గాని, మాట దారి తప్పిన సంగతి మాత్రం కళ్ళారా చూశాము.

అతని విషయం నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు పాడవుతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు వంకరపోతాయి. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపుతారు. పటిక పాలు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని ఏం చేయాలన్నది ఇంకో తంటా. ఈ చిక్కులు తగ్గించడమే అతని పని. ఇంత మంచి మాట ముప్పయ్యారో స్లైడులో దాక్కొని ఉంది!

దాన్ని మొదటికి తెచ్చాము. స్లైడులు పన్నెండుకు తగ్గించాము. పద్దెనిమిదో నిమిషంలో ఆపమన్నాము. తొమ్మిదో తరగతి పిల్లల ముందు ఉర్దూలో చెప్పించాము. ఒక అమ్మాయి లేచి, "ఆ మడ్డి ఎక్కడ పారబోస్తారు సార్?" అని అడిగింది. కుర్రవాడు నీళ్ళు నమిలాడు. తన పద్ధతిలో మిగిలిన లోపాలకు ఒక స్లైడు అప్పుడే చేరింది. తర్వాత మూడు సాయంత్రాలు ఇంగ్లీషులో చెప్పించాము.

కమిటీలో ఒక పెద్దాయన "ఇంగ్లీషులో పాఠం చెప్పగలవా?" అని అడిగారట. "ఇప్పటిదాకా చెప్పింది ఇంగ్లీషులోనే సార్. పిల్లలకు అర్థం కాకపోతే తెలుగులోనూ చెబుతాను" అన్నాడట. తెలియని ప్రశ్నకు "ఆ కొలత నేను తీయలేదు, తీయాలంటే ఇలా తీస్తాను" అన్నాడట. అది విని మా మనసు నిండింది.

ఉద్యోగం వచ్చిందా అంటారా? వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. అయితే గల్ఫ్ మాట ఎత్తడం లేదు, ఇంకోచోటికి అప్లికేషన్ పెట్టాడు.

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆనాడు సైన్సు పాఠాలు కూడా ఉర్దూలోనే చెప్పింది. కాబట్టి మన పిల్లలు భాషను చూసి సిగ్గుపడనక్కరలేదు. వాళ్ళకు కావలసింది ముందుగా విని, తప్పు చెప్పే నలుగురు మనుషులు. సంఘం వారు ఆదివారాలు ఒక గది, ఒక ప్రొజెక్టరు ఇప్పిస్తే వినడానికి మేము వస్తాము. మీలో చదువుకున్నవారు కూడా రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.