వెలుగు, శబ్దం, స్కిజోఫ్రీనియా

స్కిజోఫ్రీనియా మందులు చెవిలో వినిపించే లేనిపోని గొంతులను చాలామందిలో అణచగలవు. మందగించిన జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను మాత్రం పెద్దగా తిరిగి తేలేవు. రోగిని ఉద్యోగానికీ నలుగురికీ దూరం చేసేది చాలావరకు ఈ లోపాలే. అందుకే శబ్దంతో, వెలుగుతో మెదడును ఉత్తేజపరిచే పద్ధతిని శ్రద్ధగా పరీక్షించాలంటాను. దీనికి ఆధారం ఉంది. సెకనుకు 40 సార్లు టిక్కుమనే శబ్దం వినిపిస్తే ఆరోగ్యవంతుల మెదడు అదే లయలో స్పందిస్తుంది. ఈ జబ్బు ఉన్నవారిలో ఆ స్పందన బలహీనమని 1999 నుంచి మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే ఈఈజీ పరీక్షల్లో పదేపదే కనిపించింది. నాడీకణాల జోరును అదుపుచేసి లయ కుదిర్చే కణాలు సరిగా పనిచేయకపోవడమే కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. 2016లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు ఇదే వేగంతో మినుకుమనే వెలుగు చూపితే, అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకల మెదడులో ఆ జబ్బులో పేరుకునే అమిలాయిడ్ ప్రోటీన్ తగ్గిందని ప్రకటించారు.

ఎలుకలో పనిచేసింది మనిషిలో, అదీ వేరే జబ్బులో పనిచేస్తుందా? న్యాయమైన ప్రశ్నే. ఆ ఎలుకల ఫలితమే 2023లో న్యూయార్క్ బృందానికి మళ్లీ రాలేదు. లయ లోపం స్కిజోఫ్రీనియాకు మూలమా, పర్యవసానమా అన్నదీ తేలలేదు. అయినా కోతా మత్తూ అక్కర్లేని మార్గాన్ని ఇంతమాత్రానికే వదిలేయడం తగదు. కావలసింది ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూసే పెద్ద పరీక్షలు. మినుకు వెలుగు కొందరిలో మూర్ఛ తెప్పించగలదు, కాబట్టి ఇంట్లో సొంత ప్రయోగాలు వద్దు. డాక్టర్ రాసిన మందులు మానకండి.